క్యూరింగ్ మెషిన్ చివర టీషర్టులు అందుకునే చోట సైజులు కలిసిపోతున్నాయి, మరకలు దాటిపోతున్నాయి

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. విజయవాడలో మాకు చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపు ఉంది. 6 రంగులకు, 8 ప్యాలెట్లకు (టీషర్టు తొడిగే పలకలకు) అమర్చిన చేతి మెషిన్ ఒకటి, ప్రింట్‌ను వేడితో ఉడికించడానికి 6 అడుగుల వేడి గది ఉన్న బెల్టు క్యూరింగ్ మెషిన్ ఒకటి పెట్టుకున్నాము. స్క్రీన్ (డిజైన్ ఉన్న జాలీ చట్రం) మీద స్క్వీజీ (ఇంకును నెట్టే రబ్బరు పట్టీ) లాగేది నేనే. టీషర్టులను ప్యాలెట్‌కు తొడిగి, ప్రింట్ పడ్డాక తీసి బెల్టు మీద వేసే కుర్రవాడు ఒకరు, బెల్టు అవతలి చివర వాటిని అందుకొని, చూసి, మడిచి, సైజుల వారీగా దొంతర పెట్టే అమ్మాయి ఒకరు ఉన్నారు. ప్రింట్ విషయంలో మాకు పెద్దగా మాట రాలేదు గానీ, ఆ చివరి బల్ల దగ్గర జరిగే పనిలో మాత్రం వరుసగా మూడు ఆర్డర్లలో తల దించుకోవలసి వచ్చింది.

చివరిగా జరిగినది చెబుతాను. ఒక కళాశాల ఉత్సవానికి నల్లని కాటన్ టీషర్టుల మీద తెల్లని ప్లాస్టిసాల్‌తో (వేడితో ఉడికించే ప్లాస్టిక్ తరహా ఇంకుతో) 1200 పీసులు చేసి ఇచ్చాము. ఎస్ 150, ఎం 300, ఎల్ 450, ఎక్స్‌ఎల్ 300 అని ఆర్డరు. మొత్తం లెక్క సరిగ్గా 1200 ఉంది. కానీ వారు విప్పి చూసుకుంటే ఎల్ 441, ఎక్స్‌ఎల్ 309 తేలాయి. అంటే 9 ఎక్స్‌ఎల్‌లు ఎల్ కట్టల్లో మడతపడి వెళ్లిపోయాయి, మేము మొత్తం మాత్రమే లెక్కించి చలాను రాశాము. ఇవి కాక 14 పీసులు వెనక్కి వచ్చాయి. వాటిలో 5 పీసులకు ప్రింట్ పక్కన సూదిమొనంత తెల్లచుక్కలు ఉన్నాయి. 6 పీసులు ఒకదానికొకటి అతుక్కొని, విడదీసిన చోట ప్రింట్ మెరుస్తూ, గీరుకుపోయినట్లు ఉంది. మిగిలిన 3 పీసులకు అసలు బట్టకే కన్నం ఉంది.

ప్రస్తుతం బెల్టు చివర ఒక పెద్ద అట్టపెట్టె పెట్టాము. టీషర్టులు అందులో పడతాయి, ఆ అమ్మాయి వాటిని తీసి మడతపెడుతుంది. గంటకు 70 నుంచి 80 పీసులు మాత్రమే వస్తాయి కనుక వేగం పెద్ద సమస్య కాదని నా అభిప్రాయం. సైజులు కలవకుండా ఏం చేయాలి, ఎక్కడ నిలబడి ఏమేమి చూడాలి, వేడి మీద ఎలా పేర్చాలి అన్నవి అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు. రెండో మనిషిని పెట్టుకునే స్తోమత ఇప్పట్లో లేదు.

పాతస్క్వీజీ:

నమస్కారం అండి. హైదరాబాదులో నాది ఇరవై ఏళ్లు దాటిన పని. మీరు అడిగినది బెల్టు చివరి సంగతి, నేను చెప్పబోయేది బెల్టు మొదలుకు ముందు సంగతి. ఎందుకంటే సైజులు కలిసిపోయేది చివర అయినా, కలవడానికి దారి వేసేది టీషర్టుల కట్టలు విప్పే చోటే.

ప్లెయిన్ టీషర్టులు వచ్చిన రోజునే కట్టలు విప్పి సైజుల వారీగా లెక్కపెట్టి, ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. కట్ట మీద ఎల్ అని ఉన్నంత మాత్రాన లోపల అన్నీ ఎల్ ఉంటాయని నమ్మవద్దు, మెడ దగ్గర లేబుల్ చూసి లెక్కపెట్టండి. లెక్కపెట్టేటప్పుడే ప్రతి పీసును ఒక్కసారి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కన్నాలు, కుట్టు ఊడినవి, నూనె మరకలు కనబడతాయి. మీకు వెనక్కి వచ్చిన ఆ 3 కన్నాల పీసులను ఇక్కడే ఆపి ఉంటే, వాటిని అమ్మినవారే మార్చి ఇచ్చేవారు. ప్రింట్ పడ్డాక మార్చి ఇచ్చే వ్యాపారిని నేను ఇంతవరకు చూడలేదు. బట్టలో తప్పును, ప్రింట్‌లో తప్పును ఒకే చోట, ఒకే మనిషి, ఒకే సమయంలో పట్టుకోవాలని ఆశిస్తే రెండూ జారిపోతాయి.

ఇక రెండో మాట. ఒక సైజు పూర్తిగా అయ్యేవరకు ఇంకో సైజు కట్టను ముట్టవద్దు. చిన్నది మొదలుకొని పెద్దదానికి వెళ్లండి. సైజు మారే చోట మా దగ్గర ఒక పాత పద్ధతి ఉంది. పాడైపోయిన ఎర్ర టీషర్టు ఒకటి ఉంచుకొని, ఎం అయిపోయాక దాన్ని బెల్టు మీద వేస్తాము, దాని వెనుక ఎల్ మొదలవుతుంది. అవతలి చివర ఎర్రది కనబడగానే అందుకునేవారు చేతిలో పని ఆపి, అంతవరకు వచ్చిన దొంతరను లెక్కపెట్టి, గోడ మీది కాగితంతో సరిచూసి, పక్కకు జరిపేస్తారు. ఆ ఎర్ర టీషర్టు దాటిన తరువాత పాత దొంతర మీద ఇంకొక్క పీసు కూడా పడకూడదు, అంతే. మాటలతో అరిచి చెప్పుకోవడం కంటే ఇది నమ్మకమైనది, ఎందుకంటే ఫ్యాన్ల హోరులో ఎల్ అన్నా ఎం అన్నా ఒకేలా వినబడుతుంది.

బెల్టు మీద వేసేటప్పుడు ప్రింట్ పైకి, మెడ ముందుకు ఉండేలా వేయమని మీ కుర్రవాడికి చెప్పండి. అలా వేస్తే అవతలి చివర మెడ ముందుగా బయటికి వస్తుంది, అందుకునేవారికి లేబుల్ మొదట కంటపడుతుంది, ఆ తరువాతే ప్రింట్ కనబడుతుంది. అంచు ముందుగా వచ్చేలా వేస్తే ప్రతి పీసును తిప్పి చూడవలసి వస్తుంది. తిప్పి చూడవలసిన పనిని రోజంతా ఎవరూ చేయరు.

చివరిబల్ల:

కృష్ణాతీరం గారికి నమస్కారం. నేను యజమానిని కాదు. గుంటూరులో ఒక ప్రింటింగ్ యూనిట్‌లో పదకొండేళ్లుగా బెల్టు చివర నిలబడి టీషర్టులు అందుకునే పనిలోనే ఉన్నాను. పెద్దవారు పైన చెప్పినవన్నీ నిజమే. ఆ బల్ల దగ్గర నిలబడే మనిషి వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

మొదట ఆ అట్టపెట్టెను తీసివేయండి. పెట్టెలో పడిన టీషర్టు ముడుచుకొని పడుతుంది, వేడి ప్రింట్ వేడి ప్రింట్‌కు తగులుతుంది, మీ 6 పీసులు అలాగే అతుక్కొని ఉంటాయి. పైగా వంగి పెట్టెలోంచి తీసేటప్పుడు ఏది ముందు వచ్చిందో, ఏది వెనుక వచ్చిందో తెలియదు. ఈ వరుస ఎంత విలువైనదో కింద చెబుతాను. బెల్టు ఎత్తుకు సమానంగా ఒక బల్ల వేయండి. అందుకునేవారు టీషర్టును రెండు భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకొని, బెల్టు మీద నుంచి నేరుగా ఎత్తి, కళ్ల ఎదుట ఒక్క క్షణం నిలువుగా పట్టుకొని చూడాలి. గంటకు 80 పీసులు అంటే ఒక్కో పీసుకు 45 సెకన్లు ఉన్నాయి. చూడడానికి 5 సెకన్లు చాలు.

ఆ 5 సెకన్లలో కన్ను ఎటు తిరగాలో అలవాటు కావాలి. నేను ముందు లేబుల్, తరువాత ప్రింట్ నిటారుగా ఉందా లేదా, తరువాత రంగుకు రంగు సరిగ్గా కలిసిందా, చివరగా ప్రింట్ చుట్టూ ఉన్న ఖాళీ బట్ట, ఈ వరుసలోనే చూస్తాను. కొత్తవారు ప్రింట్‌ను మాత్రమే చూస్తారు. వేలిముద్రలు, సూదిమొన చుక్కలు ఖాళీ బట్ట మీదే ఉంటాయి. మొదట ఒప్పుకున్న పీసును ఎదురుగా గోడకు తగిలించుకుంటే గంట గడిచాక తెలుపు పలచబడిందో లేదో పోల్చి చూసుకోవచ్చు, లేకపోతే కన్ను నెమ్మదిగా మారుతున్న రంగుకు అలవాటు పడిపోతుంది.

ఇప్పుడు వరుస సంగతి. ఒక తప్పు కనబడిన వెంటనే ఆ పీసును పక్కన పడేసి ముందుకు సాగిపోవద్దు, తరువాత వచ్చే వాటిలో అది మళ్లీ ఎప్పుడు వస్తుందో లెక్కపెట్టండి. ఒకే చోట తెల్లచుక్క వరుసగా ప్రతి పీసులోనూ వస్తే స్క్రీన్‌లో కన్నం పడినట్లు, వెనుక నుంచి టేపు వేస్తే ఆగిపోతుంది. మీ మెషిన్‌కు 8 ప్యాలెట్లు ఉన్నాయన్నారు. సరిగ్గా ప్రతి ఎనిమిదో పీసులోనే ప్రింట్ పక్కకు జరిగితే, లేదా ఒకే చోట రంగు పట్టకపోతే, తప్పు స్క్రీన్‌ది కాదు, ఒక ప్యాలెట్‌ది. ఏ వరుసా లేకుండా ఒక్కోసారి వచ్చే మరక తొడిగేవారి చేతిది. మా దగ్గర ఈ లెక్క పట్టుకున్నాక స్క్రీన్ అనవసరంగా విప్పి కడిగే పని చాలా తగ్గింది. పెట్టెలో కుప్పగా పడితే ఈ లెక్క ఎవరికీ అందదు.

ఇంకొక మాట, చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉన్నా చెబుతాను. మీ షాపులో ఆ అమ్మాయి తప్పు చూసినప్పుడు ఆపండి అని గట్టిగా అనగలదా? నేను చేరిన కొత్తలో ఒకసారి వరుసగా మూడు పీసుల్లో ప్రింట్ వంకరగా వస్తే చెప్పాను. పని చెడగొట్టవద్దని కసిరారు. ఆ రోజు నేను నోరు మూసుకొని అన్నీ మడతపెట్టాను, సాయంత్రం 60 పీసులు పారేశారు. వరుసగా రెండు పీసుల్లో ఒకే తప్పు కనబడితే మెషిన్ ఆపించే హక్కు ఆ చివర నిలబడే మనిషికి ఉండాలి. అది ముందే అందరి ఎదుట చెప్పి ఉంచాలి.

ఎండాకాలంలో ఆ చోట నిలబడడం కష్టం, మే నెలలో మరీ కష్టం. ఫ్యాన్ పెట్టండి, కానీ గాలి బెల్టు నోట్లోకి కొట్టకుండా మనిషి వీపు వైపు ఉండాలి, లేకపోతే లోపలి వేడి పడిపోతుంది. గంటకొకసారి తొడిగే కుర్రవాడు, ఆ అమ్మాయి చోట్లు మార్చుకుంటే ఇద్దరి కళ్లకూ విశ్రాంతి దొరుకుతుంది.

కృష్ణాతీరం:

ఇద్దరికీ ధన్యవాదాలు. చివరిబల్ల గారూ, మీరు అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, మా షాపులోని అమ్మాయి ఇంతవరకు ఒక్కసారి కూడా ఆపమనలేదు. తప్పులు లేక కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకొక రెండు సందేహాలు ఉన్నాయి. అతుక్కున్న 6 పీసుల విషయంలో, ప్లాస్టిసాల్ సరిగ్గా ఉడకలేదేమోనని నాకు అనుమానం. వేడి కొలిచే గన్‌తో చూస్తే బెల్టు నోటి దగ్గర ప్రింట్ మీద 165 డిగ్రీల సెంటీగ్రేడ్ చూపిస్తోంది. అలాంటప్పుడు ఎందుకు అతుక్కుంటుంది? రెండవది, వచ్చే వారం ఒక కబడ్డీ పోటీకి మెరూన్ రంగు పాలియెస్టర్ జెర్సీల మీద పేర్లు, నంబర్లు వేయాలి. వాటిలో ఒక్కో పీసు ఒక్కో మనిషిది కనుక సైజుల దొంతర పద్ధతి సరిపోదు కదా?

తిరుప్పూరు_తెలుగు:

నమస్కారం. మాది చిత్తూరు జిల్లా, తిరుప్పూరులో ఒక ఎగుమతి యూనిట్‌లో ప్రింటింగ్ సూపర్‌వైజరుగా చేస్తున్నాను. మీ మొదటి సందేహానికి జవాబు రెండు ముక్కలుగా ఉంటుంది.

ప్లాస్టిసాల్ వేడికి మెత్తబడే పదార్థం. పూర్తిగా ఉడికినదైనా బయటికి వచ్చిన వెంటనే కొంచెం జిగురుగానే ఉంటుంది, ఆ స్థితిలో ప్రింట్ మీద ప్రింట్ పెట్టి పైన బరువు వేస్తే అతుక్కుంటుంది. కాబట్టి అతుక్కున్నంత మాత్రాన ఉడకలేదని అనుకోనక్కరలేదు. తేల్చుకోవాలంటే ఒక పీసును పూర్తిగా చల్లారనిచ్చి, ప్రింట్ ఉన్న చోట బట్టను రెండు చేతులతో సాగదీయండి. ప్రింట్ బట్టతో పాటు సాగి వెనక్కి వస్తే బాగా ఉడికినట్లు, పగుళ్లు ఇస్తే ఉడకనట్లు. వేడిగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయవద్దు.

అయితే మీ 165 డిగ్రీలను నేను పూర్తిగా నమ్మను. ఆ గన్ చూపించేది ప్రింట్ పైపొర వేడి. సాధారణ ప్లాస్టిసాల్‌లో పై నుంచి బట్టను తాకే అడుగు వరకు మొత్తం పొర 160 డిగ్రీల దరిదాపుకు చేరాలి. నల్లని బట్ట మీద తెలుపు రెండు పూతలు వేసి ఉంటారు, పొర మందంగా ఉంటుంది, పైన 165 ఉన్నా అడుగున తక్కువ ఉండవచ్చు. కాటన్ తేమ పీల్చుకొని ఉన్న రోజున మొదటి వేడంతా ఆ తేమను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. వానాకాలంలో అదే వేగంతో నడిపితే అందుకే తేడా వస్తుంది. మీ గది 6 అడుగులు కనుక నిమిషానికి 6 అడుగుల వేగంలో పీసు లోపల ఒక నిమిషం ఉంటుంది. సాగదీసినప్పుడు పగిలితే వేడి పెంచే ముందు వేగం తగ్గించి చూడండి, వేడి పెంచితే బట్ట కమిలే ప్రమాదం ఉంది. మా వద్ద ప్రతి సైజులో మొదటి పీసును, ఆపై రెండు గంటలకు ఒక పీసును తీసి ఉతికి చూస్తాము.

పేర్చడం గురించి మీరు చేస్తున్న పద్ధతికి ఒక్క సవరణ. బెల్టు దగ్గరే మడతపెట్టడం నాకు ఇష్టం లేదు. మడతపెడితే వేడి లోపలే నిలిచిపోతుంది. బల్ల మీద ప్రింట్ పైకి ఉండేలా పరిచి, ఒకదాని మీద ఒకటి విప్పి ఉంచండి, అప్పుడు పై టీషర్టు వీపు కింది టీషర్టు ప్రింట్‌ను తాకుతుంది, ప్రింట్‌కు ప్రింట్ తగలదు. 12 పీసులు కాగానే తరువాతి డజను మెడలను ఎదురు దిక్కుకు తిప్పి వేయండి. దూరం నుంచి చూసినా ఎన్ని డజన్లు అయ్యాయో తెలిసిపోతుంది, మధ్యలో లెక్క మరచినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. దొంతరను మరీ ఎత్తుగా పెంచవద్దు, మధ్యలోని పీసులు గంటల తరబడి వేడిగానే ఉంటాయి. మడత, కవరు, కట్ట అన్నీ చల్లారాకే.

పాలియెస్టర్ జెర్సీలకు ఈ చల్లార్చడం ఇంకా ముఖ్యం. పాలియెస్టర్‌కు వేసిన రంగు వేడికి ఆవిరిలా కదిలి పైనున్న తెల్ల ప్రింట్‌లోకి ఎక్కుతుంది. మెరూన్ మీద తెల్లని నంబరు మరునాటికి గులాబీ రంగులోకి తిరగడం ఇందుకే. బెల్టు దిగినప్పుడు తెల్లగానే కనబడుతుంది కనుక అందుకునేవారు దాన్ని పట్టుకోలేరు. రంగు ఎక్కకుండా తయారుచేసిన, తక్కువ వేడికి ఉడికే ఇంకు దొరుకుతుంది, 130 డిగ్రీల దగ్గర ఉడికే రకాలు ఉన్నాయి, అది వాడండి. అది వాడినా వేడి మీద పేర్చవద్దు. రంగు ఎక్కకుండా కలిపే కొన్ని ఇంకుల్లోని రసాయనం వేడి దొంతరలో పై పీసు వీపు మీద నంబరు ఆకారంలో వెలిసిన నీడను వదులుతుంది. ఆ నీడ ఉతికినా పోదు. జెర్సీలను ఒక్కొక్కటిగా తాడు మీదనో, హ్యాంగర్లకో వేసి చల్లార్చడం మేలు. ముందుగా రెండు పీసులు చేసి ఒక రోజు ఆగి చూశాకే మిగిలినవి మొదలుపెట్టండి.

జెర్సీల వరుసకు దొంతర అక్కరలేదు, జాబితా కావాలి. జట్టు వారీగా పేరు, నంబరు, సైజు రాసిన కాగితం తొడిగేవారి దగ్గర ఒకటి, అందుకునేవారి దగ్గర ఒకటి ఉండాలి. ఆ జాబితా వరుసలోనే పీసులు బెల్టు ఎక్కాలి, దిగినప్పుడు మూడూ సరిచూసి టిక్కు పెట్టాలి. పేరు అక్షరాలను అందుకునేవారే పైకి చదివితే తప్పులు దొరుకుతాయి.

పాతస్క్వీజీ:

తిరుప్పూరు మిత్రులు చెప్పిన చల్లార్చడాన్ని ఒప్పుకుంటాను. మడత గురించి మాత్రం, కృష్ణాతీరం గారి షాపు వంటి చోట బల్లల మీద 1200 పీసులు విప్పి పరిచే చోటు ఉండదు. నేనైతే రెండు బల్లలు వేస్తాను. ఒకదాని మీద వేడి దొంతర పెరుగుతుండగా, రెండో బల్ల మీద అరగంట కిందటి చల్లారిన దొంతర మడతకు వెళుతుంది. ఇంకొకటి మరచాను, కరెంటు పోయినప్పుడు బెల్టు ఆగిపోతుంది కానీ లోపలి వేడి ఆగదు, లోపల ఉన్న రెండు మూడు పీసులు కమిలిపోతాయి. మీ మెషిన్‌కు చేతితో బెల్టు తిప్పే పిడి ఉంటే అది ఎక్కడుందో అందుకునేవారికి తెలిసి ఉండాలి, లేకపోతే లోపలి పీసులను లాగడానికి ఒక పొడవాటి కర్ర దగ్గర పెట్టుకోండి. నూటికి రెండు ప్లెయిన్ పీసులు సైజు వారీగా అదనంగా కొని ఉంచండి. 450 ఎల్‌లకు 9 అదనం అన్నమాట.

కృష్ణాతీరం:

చెప్పినవి ఒక చిన్న ఆర్డరులో ప్రయత్నించి ఇక్కడ రాస్తున్నాను. 400 కాటన్ పీసులు, మూడు సైజులు. ప్లెయిన్ పీసులు లెక్కపెట్టేటప్పుడే 4 కన్నాలవి దొరికాయి, వ్యాపారి మార్చి ఇచ్చాడు. అట్టపెట్టె తీసివేసి పాత తలుపు రెక్క ఒకటి ఇటుకల మీద నిలిపి బల్లగా వేశాము. ఎర్ర టీషర్టు మా దగ్గర లేదు, పసుపుది వాడాము. ఎం నుంచి ఎల్‌కు మారినప్పుడు లెక్క ఒకటి తక్కువ వచ్చింది. వెతికితే ఆ పీసు ప్యాలెట్ మీదే ఉండిపోయింది, కుర్రవాడు దాన్ని తీయకముందే పసుపుదాన్ని పంపేశాడు. సాగదీసిన పీసుకు సన్నని పగుళ్లు కనబడ్డాయి. బెల్టు వేగం తగ్గించాక పోయాయి.

మధ్యాహ్నం మా షాపులోని అమ్మాయి మొదటిసారిగా ఆపమంది. ప్రింట్‌లో ఎడమ వైపు ఒక అక్షరం దగ్గర రంగు సరిగ్గా పట్టడం లేదని, అది ప్రతి ఎనిమిదో పీసులోనే వస్తోందని, అలా వచ్చిన మూడు పీసులను వేరుగా పెట్టి చూపించింది. టీషర్టు కదలకుండా ప్యాలెట్‌కు పూసే జిగురు ఐదో నంబరు ప్యాలెట్ మీద ఎండిపోయి గడ్డ కట్టి ఉంది, దాని పక్కన బట్ట పల్లంగా పడి స్క్రీన్‌కు ఆనడం లేదు. గీకి తీసేశాను. నేనైతే స్క్రీన్ విప్పి కడిగేవాడిని.

చివరిబల్ల:

చాలా సంతోషం అండి. ఆ మూడు పీసులను పారేయకుండా, వెనుక చాక్‌పీసుతో ఏ తప్పో రాసి గోడకు తగిలించండి. మా దగ్గర అలాంటివి పదిహేను దాకా వేలాడుతుంటాయి, కొత్తగా చేరినవారికి మొదటి రోజు వాటినే చూపిస్తాము. ఐదో ప్యాలెట్‌కు జిగురు ఎక్కువ పడుతోందేమో కూడా చూడండి, గడ్డ మళ్లీ అక్కడే కట్టే అవకాశం ఉంది.